రేసర్ల జెర్సీ మనలాంటివాళ్లు వేసుకోవచ్చా?

కడప నుంచి ఒకరు అడిగిన ప్రశ్న ఇది. వయసు ముప్పై దాటింది, పోయినేడాది రోడ్ సైకిల్ కొన్నారు. ఆదివారాలు గ్రూపుతో కలిసి ఒంటిమిట్ట వైపో, గువ్వలచెరువు ఘాట్ వైపో వెళ్తుంటారు. ముచ్చటపడి సైకిల్ రేసర్ పొగాచార్ ఆడే యూఏఈ టీమ్ తెల్ల జెర్సీ కొనుక్కుంటే, గ్రూపులో ఒక సీనియర్ "ఆ జెర్సీ వేసుకునేంత స్పీడు నీకుందా?" అన్నారట. అప్పటినుంచి అది బీరువాలోనే ఉంది. సరదాగా తొక్కేవాళ్లు ప్రొఫెషనల్ రేసర్ల జెర్సీలు వేసుకోవడం తప్పా, ఫ్రాన్సులో రోజుల తరబడి సాగే పెద్ద రేసు టూర్ డి ఫ్రాన్స్ పసుపు జెర్సీ, చుక్కల జెర్సీ కూడా కొనాలని ఉంది, కొనొచ్చా అని అడుగుతున్నారు.

ముందు సూటిగా జవాబు చెప్తాను. టీమ్ జెర్సీ నిరభ్యంతరంగా వేసుకోండి. మీ స్పీడు ఎంతైనా సరే. టూర్‌లో అందరికన్నా ముందున్న లీడర్ వేసుకునే పసుపు జెర్సీ, ప్రపంచ చాంపియన్ ఇంద్రధనుస్సు జెర్సీ లాంటివి మాత్రం ఇంట్లో దాచుకోండి, వేసుకుని రోడ్డెక్కొద్దు. ఈ రెండింటికన్నా ముఖ్యమైనది, మీరు వేసుకున్నది మన హైవేల మీద డ్రైవర్లకు దూరం నుంచి కనబడాలి, మన ఎండకు ఆగాలి. మిగతాదంతా దాని తర్వాతే.

నేను అనంతపురంలో చాలా ఏళ్లుగా రోడ్ సైకిల్ తొక్కుతున్నాను. మా గ్రూపుకు జెర్సీలు డిజైన్ చేయించి, ప్రింటింగ్ వాళ్లతో మాట్లాడి తెప్పించే పని కూడా నాదే. కాబట్టి వేసుకోవడం గురించీ, గుడ్డ గురించీ రెండూ చెప్పగలను.

టీమ్ జెర్సీ అభిమానులది కూడా. 2024లో దులీప్ ట్రోఫీ మ్యాచులు మా ఊరి ఆర్‌డీటీ గ్రౌండులో జరిగాయి. చూడ్డానికి వచ్చిన కుర్రాళ్లలో ఇండియా జెర్సీ వేసుకున్నవాళ్లు కొల్లలు. వెనక 18 నంబరు, పైన కోహ్లీ పేరు. ఆ పిల్లల్ని ఆపి "నీకు కవర్ డ్రైవ్ వచ్చా?" అని ఎవరూ అడగలేదు. అడిగితే అడిగినవాళ్లనే వింతగా చూస్తారు. సైకిల్ దగ్గరికి వచ్చేసరికి ఈ ప్రశ్న ఎందుకొస్తుందంటే, ఇక్కడ చూసేవాడూ తొక్కేవాడూ ఒక్కడే. క్రికెట్ అభిమాని స్టాండ్స్‌లో కూర్చుంటాడు, మనం అదే బట్టలతో అదే రకం సైకిల్ మీద రోడ్డెక్కుతాం. అందుకని కొంతమందికి అది వేషం వేసినట్టు అనిపిస్తుంది. నాకు అలా ఎప్పుడూ అనిపించలేదు. తెల్లవారక ముందే లేచి, ఎదురుగాలిలో తొక్కుతున్న మనిషికి ఆ ఆటలో ఒక ఇష్టమైన టీమ్ ఉండటం, ఆ రంగు వేసుకోవాలనిపించడం చాలా సహజం.

కంపెనీల పేర్లు మోయడం ఎందుకు అనే వాదన కూడా ఉంది. "వాళ్లకు డబ్బులిస్తారు కాబట్టి వేసుకుంటారు, నువ్వు ఎదురు డబ్బులిచ్చి ప్రచారం చేస్తున్నావు" అంటారు. లెక్క ప్రకారం నిజమే. కానీ సైకిల్ రేసింగ్ చరిత్ర చూస్తే ఆ కంపెనీ పేరే టీమ్ పేరు. 1954లో ఇటలీ రేసర్ ఫియోరెంజో మాగ్ని నివియా క్రీమ్ పేరుతో టీమ్ నడిపాడు. అంతకు ముందు ఎక్కువగా సైకిళ్లు, టైర్లు చేసే కంపెనీలే టీములు పెట్టేవి. ఆ తర్వాత కాఫీ మెషిన్లు, సాసేజీలు, బ్యాంకులు, టెలిఫోన్ కంపెనీలు, ఇప్పుడు దేశాలు కూడా వచ్చాయి. బెల్జియం రేసర్ ఎడ్డీ మెర్క్స్ వేసుకున్న నారింజ రంగు మోల్తేని జెర్సీ ఒక మాంసం కంపెనీది. ఇవాళ దాన్ని చూస్తే ఎవరికీ మాంసం గుర్తురాదు, మెర్క్స్ గుర్తొస్తాడు. అభిమానం రంగు మీద నిలుస్తుంది, కంపెనీ మీద కాదు.

దీంట్లో ఒక చిక్కుంది, కొనేముందే తెలుసుకోండి. స్పాన్సర్ మారితే టీమ్ పేరు మారుతుంది. స్కై అనే టీమ్ 2019లో ఇనియోస్ అయింది. జంబో-విస్మా 2024 నుంచి విస్మా-లీజ్ ఎ బైక్. పేరు మారకపోయినా ఏటా డిజైన్ మారుస్తారు. ఏడెనిమిది వేలు పెట్టి ఒరిజినల్ కొంటే రెండేళ్లకు అది పాతది అయిపోతుంది. పాతదైనా పర్వాలేదు అనుకుంటేనే కొనండి. నా మటుకు పాత జెర్సీలకే అందం ఎక్కువ.

ప్రొఫెషనల్స్ కూడా అభిమానంతో జెర్సీ వేసుకుంటారు. ఫ్రాన్సులో రేమాన్ పులిదోర్ అనే రేసర్ ఉండేవాడు. టూర్ డి ఫ్రాన్స్‌లో ఎనిమిదిసార్లు మొదటి ముగ్గురిలో నిలిచాడు. కానీ ఒక్కసారి కూడా గెలవలేదు. గెలవకపోవడం అటుంచండి, ఒక్కరోజు కూడా పసుపు జెర్సీ వేసుకోలేదు. ఆనాడు ఎదురుగా ఆంక్తిల్, తర్వాత మెర్క్స్. ఇద్దరూ చెరో ఐదుసార్లు గెలిచినవాళ్లు. అయినా ఫ్రాన్సు జనం గెలిచినవాళ్లకన్నా పులిదోర్‌నే ఎక్కువ ప్రేమించారు. ఆయన 2019లో చనిపోయాడు. ఆయన మనవడు మాథ్యూ వాన్ డర్ పోల్ 2021లో మొదటిసారి టూర్‌కు వచ్చాడు. ఆ టూర్ ఆరంభంలో మాథ్యూ టీమ్ మొత్తం తాత కాలం నాటి మెర్సియే టీమ్ రంగుల్లో, ఊదా, పసుపు కలిసిన జెర్సీలు వేసుకుంది. ఆ జెర్సీ వాళ్లది కాదు, ఒక పెద్దాయన మీద ప్రేమతో చేయించుకున్నది. రెండో రోజు ముర్-ద-బ్రెతాన్య ఎక్కుడు మీద మాథ్యూ గెలిచి, తాత జన్మలో ఒక్కరోజు వేసుకోలేకపోయిన పసుపు జెర్సీ అందుకున్నాడు. గీత దాటుతూ ఆకాశం వైపు చేయి చూపించాడు, తర్వాత మాట్లాడలేక ఏడ్చేశాడు.

మీ ప్రశ్నకు రెండు జవాబులూ ఇందులోనే ఉన్నాయి. అభిమానంతో ఇంకొకరి టీమ్ జెర్సీ వేసుకోవడం గౌరవం. పసుపు జెర్సీ సంగతి వేరు. పులిదోర్ లాంటివాడు కెరీర్ అంతా తొక్కినా ఒక్కరోజు దక్కలేదు. దాన్ని ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టి ఆదివారం వేసుకుని తిరగడం నాకు మనస్కరించదు.

ఈ పద్ధతిని టీములే ఎంత పట్టింపుగా పాటిస్తాయో చూడండి. పసుపు జెర్సీ 1919లో మొదలైంది. టూర్ నడిపిన లోటో పత్రిక పసుపు కాగితం మీద అచ్చయ్యేది, ఆ రంగే తీసుకున్నారు. మొదట వేసుకున్నవాడు యూజీన్ క్రిస్టోఫ్. చివర్లో సైకిల్ ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టి ఉంచే భాగం) విరిగి ఆ ఏడు ఓడిపోయాడు, ఆ తర్వాత కూడా టూర్ గెలవనే లేదు. ఇటలీలో జరిగే పెద్ద రేసులో లీడర్‌ది గులాబీ రంగు, అది 1931 నుంచి, గజెట్టా పత్రిక కాగితం రంగు. స్పెయిన్ టీమ్ ఓన్సే మామూలుగా పసుపు జెర్సీ వేసేది, టూర్ డి ఫ్రాన్స్‌కు వచ్చినప్పుడు మాత్రం గులాబీకి మారేది. ఇప్పటి ఈఎఫ్ టీమ్ మామూలు రంగు గులాబీ, ఇటలీ రేసుకు వెళ్తే జెర్సీ మార్చుకుంటుంది. లీడర్ ఒక్కడే ఆ రంగులో కనబడాలని అంత పెద్ద కంపెనీలు తమ ప్రచారాన్నే పక్కన పెడతాయి.

ప్రపంచ చాంపియన్ జెర్సీ ఇంకా పట్టింపు ఉన్నది. తెల్ల గుడ్డ మీద నీలం, ఎరుపు, నలుపు, పసుపు, ఆకుపచ్చ పట్టీలు. గెలిచినవాళ్లు ఏడాది పాటు వేసుకుంటారు, ఆ తర్వాత జీవితాంతం చేతుల అంచు మీద, కాలర్ మీద ఆ పట్టీలు పెట్టుకునే హక్కు ఉంటుంది. ఇక్కడ మీకు ఒక జాగ్రత్త. పొగాచార్ 2024లోనూ 2025లోనూ ప్రపంచ చాంపియన్ అయ్యాడు. కాబట్టి "పొగాచార్ జెర్సీ" అని అమ్మేవాటిలో రెండు రకాలున్నాయి. ఒకటి మామూలు యూఏఈ టీమ్ జెర్సీ, రెండోది ఛాతీ మీద ఇంద్రధనుస్సు పట్టీలున్నది. రెండూ తెలుపే. మీ బీరువాలో ఉన్నది ఏదో ఒకసారి చూసుకోండి. మొదటిదైతే హాయిగా వేసుకోండి. రెండోదైతే ఇంట్లో గోడకు తగిలించుకోండి. అంచుల మీద ఊరికే అందం కోసం ఆ ఐదు రంగులూ వేసిన జెర్సీలు, సాక్సులు కూడా బజార్లో ఉంటాయి, అవీ వద్దు. మా దగ్గరికి నేషనల్స్ ఆడిన ఒక రైడర్ వచ్చినప్పుడు, మా కుర్రాడి చేతి అంచు మీద ఆ పట్టీలు చూసి ఒక్క మాట కూడా అనలేదు, కానీ ఆ చేతివైపే చాలాసేపు చూశాడు. తర్వాత నేను ఆ కుర్రాడికి సంగతి చెప్తే, పాపం వాడికి అది ఊరికే డిజైన్ అనే తెలుసు.

చుక్కల జెర్సీ విషయంలో నేను కాస్త మెత్తబడతాను. అది కొండలు ఎక్కడంలో మొదటివాడికి ఇచ్చేది, 1975 నుంచి ఉంది. అదీ గెలుచుకునేదే. అంత ఇష్టంగా ఉంటే మీ గ్రూపంతా కలిసి ఒకటి కొనండి. గువ్వలచెరువు ఘాట్ ఆ నెల ఎవరు ముందు ఎక్కితే వాళ్లు వచ్చే నెలదాకా వేసుకోవాలి. ఘాట్ దాటాక ఎలాగూ పాలకోవా దగ్గర ఆగుతారు, అక్కడే జెర్సీ చేతులు మార్చండి. దిగేటప్పుడు మాత్రం పోటీ పెట్టుకోవద్దు. ఆ మలుపుల్లో లారీలు ఎలా వస్తాయో కడపవాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

ఇక మీ సీనియర్ మాట. స్పీడును బట్టి బట్టలు అనే రూల్ ఎక్కడా లేదు. బ్రెవేలు, అంటే టైము లోపల పూర్తి చేయాల్సిన దూరపు సైకిల్ ప్రయాణాలు, తొక్కేవాళ్లను చూడండి, 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటల టైము, ఎవరు ఏ టీమ్ జెర్సీ వేసుకున్నారని ఎవరూ పట్టించుకోరు. గ్రూపులో గౌరవం ఎక్కడ వస్తుందంటే, గుంత వస్తే వెనకవాళ్లకు చేయి చూపించడంలో, గ్రూపు ముందుకు వచ్చి ఎదురుగాలిలో మీ వంతు మీరు తొక్కడంలో, పంక్చర్ అయినవాడి దగ్గర ఆగడంలో. ఇవి చేసే మనిషి ఏ జెర్సీలో ఉన్నా ఎవరూ వేలెత్తి చూపరు. ఆయనతో వాదనకు దిగొద్దు, వేసుకుని వెళ్లండి చాలు.

అసలు చూడాల్సింది రంగు. మా గ్రూపులో ఒక రిటైర్డ్ ఆర్టీసీ డ్రైవర్ ఉన్నారు. వాళ్లబ్బాయి హైదరాబాద్ నుంచి పంపిన నారింజ రంగు మోల్తేని జెర్సీ వేసుకుంటారు. మెర్క్స్ ఎవరో మేము చెప్పేదాకా ఆయనకు తెలియదు. ఎన్నో ఏళ్లు కర్నూలు, బెంగళూరు రూట్లలో తెల్లవారుజామున బస్సు తోలిన మనిషి. ముదురు నీలం, నలుపు వేసుకున్న సైకిలు మనిషి తారు రోడ్డులో కలిసిపోతాడని, దగ్గరికి వచ్చేదాకా తెలియదని ఆయన అంటారు. నారింజ, నిమ్మపండు పసుపు, తెలుపు అయితే మసక వెలుతురులో కూడా ముందే పసిగట్టొచ్చట. కొత్తవాళ్లెవరు వచ్చినా నేను ముందు ఆయనతోనే మాట్లాడిస్తాను.

మన దగ్గర ఎండకు భయపడి అందరం ఐదింటికే బయల్దేరతాం. అంటే మొదటి గంట చీకట్లోనే. జెర్సీ ఏదైనా పైన రిఫ్లెక్టివ్ జాకెట్ తప్పనిసరి, బ్రెవేల్లో రాత్రిపూట అది రూలు కూడా. వెనక ఎర్ర లైటు ఉండాలి. ఇంకోటి, చీలమండల దగ్గర రిఫ్లెక్టివ్ పట్టీలు కట్టుకోండి. తొక్కుతున్నప్పుడు అవి పైకీ కిందికీ కదులుతాయి, ఆ కదలిక చూడగానే అది మనిషి అని డ్రైవర్‌కు అర్థమవుతుంది. ఎనభై రూపాయల పట్టీ అయినా ఎనిమిది వేల జెర్సీ కన్నా ఎక్కువ పనికొస్తుంది. మీ యూఏఈ జెర్సీ తెలుపు కాబట్టి పగలు చక్కగా కనబడుతుంది. నల్ల జెర్సీల టీముల అభిమానులైతే మాత్రం ఆ ఇష్టాన్ని వెలుతురు బాగా వచ్చాకే చూపించుకోండి.

గుడ్డ ఎలా చూడాలి. ఆన్‌లైన్‌లో ఆరేడు వందలకు దొరికే టీమ్ జెర్సీలు దాదాపు అన్నీ నకిలీలే. అనుమతి లేకుండా కొట్టినవి కాబట్టి నేను సిఫార్సు చేయను. గుడ్డ సంగతి చెప్తే మీకే అర్థమవుతుంది. ఈ జెర్సీలన్నీ తెల్ల పాలిస్టర్ మీద సబ్లిమేషన్ పద్ధతిలో ప్రింట్ చేస్తారు. డిజైన్‌ను ముందు కాగితం మీద అచ్చువేసి, ఆ కాగితాన్ని గుడ్డ మీద పెట్టి దాదాపు 200 డిగ్రీల వేడితో నొక్కుతారు. రంగు ఆవిరై పోగులోకి ఎక్కుతుంది. వేడిలోనో ఒత్తిడిలోనో టైములోనో కక్కుర్తి పడితే రంగు పైపైనే ఆగుతుంది. జెర్సీ చేతిలోకి రాగానే పక్క భాగాన్ని రెండు చేతుల్తో పట్టుకుని బాగా సాగదీయండి. పోగుల మధ్య తెల్లగా బయటపడితే అది ఆ రకం. కుట్టు దగ్గర, జేబు మడత దగ్గర తెల్లటి గీతలు కనబడతాయి. తర్వాత కింది అంచు తిప్పి చూడండి. లోపల సన్నని సిలికాన్ పట్టీ ఉండాలి, అది నడుము దగ్గర పట్టుకుని జెర్సీని పైకి పాకనివ్వదు. నకిలీల్లో మామూలు ఎలాస్టిక్ ఉంటుంది, జేబుల్లో నీళ్ల బాటిల్, ఫోను పెట్టగానే వెనక సంచిలా వేలాడుతుంది. జిప్ పై చివర గడ్డానికి తగలకుండా చిన్న గుడ్డ గూడు ఉందో లేదో చూడండి. అది లేకపోతే రెండు గంటల తర్వాత మెడ దగ్గర ఒరుసుకుపోతుంది.

తెల్ల జెర్సీలో ఒక ఇబ్బంది ఉంది. పలచని గుడ్డ అయితే చెమటకు తడిసి లోపలిదంతా కనబడుతుంది, ఎండ కూడా లోపలికి దిగి వీపు కమిలిపోతుంది. వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి, అవతల చేతివేళ్లు స్పష్టంగా కనబడితే లోపల ఒక బేస్ లేయర్ బనియన్ వేసుకోండి. ఇరవై కిలోమీటర్ల లోపు తొక్కేదానికైతే నిజంగా ఇవేవీ అక్కర్లేదు, మామూలు కాటన్ టీషర్టు చాలు. మన పొడిగాలికి ఆ కాస్త చెమట ఆరిపోతుంది. యాభై దాటితేనే తేడా తెలుస్తుంది.

డబ్బులు పరిమితంగా ఉంటే జెర్సీ మీద తగ్గించి ప్యాడ్ ఉన్న షార్ట్స్ మీద పెట్టండి. ఈ మాట ఎంత చెప్పినా తక్కువే. జెర్సీ బాగాలేకపోతే ఫొటోలు బాగుండవు, అంతే. ప్యాడ్ బాగాలేకపోతే వారం రోజులు కూర్చోలేరు. టీమ్ సెట్టు అని జెర్సీతో కలిపి వచ్చే చవక బిబ్ షార్ట్స్‌లో (భుజాల మీదుగా పట్టీలుండే షార్ట్స్) ప్యాడ్ ఒట్టి స్పాంజి. పెనుకొండ దాకా వెళ్లొచ్చిన ఒక తమ్ముడు ఆ రకం వేసుకుని తొడల లోపల పుండ్లు పడి, తర్వాతి రెండు ఆదివారాలు రాలేదు.

సైజు గురించి. రేస్ జెర్సీ వంగి తొక్కే మనిషికి కుడతారు. ముందు పొట్టి, వెనక పొడుగు, నిలబడితే ఛాతీ దగ్గర ముడతలు. అద్దం ముందు నిలబడి బాగాలేదని తీర్మానించకండి, సైకిల్ మీద కూర్చుని చేతులు హ్యాండిల్ మీద పెట్టి చూడండి. విదేశీ సైజులు మన లెక్కకు ఒకటో రెండో చిన్నవి వస్తాయి. పొట్ట ఉంటే ఒక సైజు పెద్దది తీసుకోండి, క్లబ్ ఫిట్ అని అమ్మే కాస్త వదులు రకం ఇంకా మంచిది. పొట్ట ఉన్నవాళ్లు ఇలాంటివి వేసుకోకూడదు అనేవాళ్ల మాట అసలు వినొద్దు. పొట్ట తగ్గించుకోవడానికి సైకిల్ ఎక్కిన మనిషిని బట్టల పేరుతో ఇంటికి పంపితే ఎవరికి లాభం?

ఊళ్లల్లో ఆగినప్పుడు ఈ బిగుతు బట్టలు కాస్త ఇబ్బందే. ఉగ్గాని బజ్జీ కోసం హోటల్ దగ్గర ఆగితే అందరూ చూస్తారు. చూడనివ్వండి. నేనైతే షార్ట్స్ మీద ఇంకో పలచని వదులు షార్ట్ వేసుకుంటాను, చాలామందికి అదే సుఖం. ఒంటిమిట్టకు వెళ్తున్నారు కాబట్టి వెనక జేబులో మడిచిన ఒక పలచని ట్రాక్ ప్యాంటు పెట్టుకోండి, కోదండరాముడి దర్శనానికి వెళ్లేముందు పైన తొడుక్కోవచ్చు. మా గ్రూపులో ఆడపిల్లలు ఫుల్ స్లీవ్స్ ఉన్న, నడుము కిందిదాకా వచ్చే జెర్సీలు కావాలన్నారు. టీమ్ రెప్లికాల్లో అలాంటివి దొరకడం కష్టం. అందుకే మేము సొంతంగా చేయించుకోవడం మొదలుపెట్టాం.

వీలైతే మీ కడప గ్రూపుకు కూడా అది చేయించండి. పది పదిహేను మంది కలిస్తే తిరుప్పూర్ వైపు ప్రింటింగ్ వాళ్లు ఒప్పుకుంటారు, ఒక్కోటి వెయ్యి, పదిహేను వందల్లో మంచి గుడ్డే వస్తుంది. రంగు మీ ఇష్టం, వెనక భాగం మాత్రం ముదురు రంగు పెట్టొద్దు. వెనక జేబుల మీద రిఫ్లెక్టివ్ గీత ఒకటి వేయించండి. ముందు ఒక్క శాంపిల్ తెప్పించి, నాలుగుసార్లు ఉతికాకే మొత్తం ఆర్డర్ ఇవ్వండి. సొంత జెర్సీ ఉన్నా మీ యూఏఈ జెర్సీ పక్కన పెట్టాల్సిన పనిలేదు. ఒంటరిగా తొక్కే రోజున అది, గ్రూపుతో వెళ్లే రోజున ఇది.

ఉతకడం గురించి ఒక్కమాట. ఇంటికి రాగానే చల్లనీళ్లలో ముంచేయండి, చెమట ఉప్పు ఎండిపోతే గుడ్డ గరుకు అవుతుంది. కంఫర్ట్ లాంటివి వేయొద్దు, పోగుల మీద పొరలా పేరుకుని చెమట పీల్చడం ఆగిపోతుంది. బ్రష్షు, ఇస్త్రీ రెండూ వద్దు. జిప్ మూసి, తిరగేసి, నీడలో ఆరేయండి. మన ఎండలో మేడమీద వేస్తే ఎంత ఒరిజినల్ అయినా ఒక్క వేసవిలో ఎలాస్టిక్ సాగిపోతుంది.